జపనీస్‌లో నైపుణ్యం మాటలు: పలకడం నుంచి ఇంటర్వ్యూ దాకా, అంచెలంచెలుగా

జపాన్‌లో ముగ్గురు తెలుగువాళ్లు ఉన్నారనుకుందాం. ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఇంకొకరు ఇండియన్ రెస్టారెంట్‌లో వంటమాస్టరు, మూడో మనిషి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కేర్‌గివర్. ముగ్గురివీ నైపుణ్యం మీద వచ్చిన వీసాలే. అయితే ఇంజనీరు వీసా పేరు ‘గిజ్యుౘు’ అని మొదలవుతుంది, వంటమాస్టరుది ‘గినో’, కేర్‌గివర్‌ది ‘తొకుతే గినో’. నైపుణ్యానికి జపనీస్‌లో ఒక్క మాట బట్టీపట్టి బయల్దేరితే సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఏ మాట వాడాలన్నది నైపుణ్యం ఎంత ఉందన్న దానికన్నా, అది ఎవరిది, ఎవరితో చెబుతున్నాం అన్న దానిమీదే ఎక్కువ ఆధారపడుతుంది. ముందు పలకడం చూద్దాం, తర్వాత వాడకం.

మొదటి అంచె: ఇంగ్లీషు అక్షరాలు పక్కన పెట్టండి

జపనీస్ మాటల్ని రోమన్ లిపిలో చదివితే మనకు తెలియకుండానే ఇంగ్లీషు పలుకుబడి వచ్చేస్తుంది. ‘చేతకానితనం’ అనే అర్థం ఉన్న మాట ‘హెత’. రోమన్‌లో చూసినవాళ్లు ‘హెటా’ అంటారు. జపనీస్‌లో ట, డ లేవు, ఉన్నవి త, ద. మనం టోక్యో, క్యోటో, టయోటా అంటున్నవి వాళ్ల నోట తోక్యో, క్యోతొ, తొయొత. కాబట్టి హిరగన లిపి వచ్చేదాకా నోట్‌బుక్‌లో తెలుగు లిపిలోనే రాసుకోండి. హిరగన వచ్చాక దీన్ని వదిలేయండి.

తెలుగు లిపి ఈ పనికి బాగా సరిపోతుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. హిందీ లిపిలో రాసుకునేవారికి ఈ సదుపాయం లేదు. ఇక రోమన్ చూసి అందరూ తడబడే ‘త్సు’ శబ్దం మన పాత వర్ణమాలలో ఉన్న ౘ. చుక్క, చుట్టం, చాలు అనేటప్పుడు చాలామంది నోట వచ్చే చ అదే. అలాగే జడ, జోరు అన్నప్పుడు వినిపించే జ, పాత ౙ. ఈ వ్యాసంలో ఆ శబ్దాలకు ౘ, ౙ వాడుతున్నాను. మామూలు చ, జ కనబడితే చిలక, జిల్లాలో పలికినట్టు పలకండి. ‘నేర్పరి’ అనే అర్థంలో వాడే ‘జ్యోౙు’లో రెండూ ఉన్నాయి. మొదటిది జ్యోతిలోని జ్యో, రెండోది ౙు.

మరో మూడు జాగ్రత్తలు. శ అంటే శివుడిలోని శ. ర ఎప్పుడూ ఒక్కసారి తగిలి వదిలే ర, దాన్ని ల చేయకండి. ‘ఫు’ పలికేటప్పుడు పళ్లు పెదవికి తగలకూడదు, దీపం ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి రావాలి.

రెండో అంచె: మాత్రలు లెక్కపెట్టండి

జపనీస్ అంతా మాత్రల మీద నడిచే భాష. హైకూలో 5-7-5 అని లెక్కపెట్టేది కూడా మాత్రలనే. బడిలో గురువు, లఘువు గుర్తించినవారికి ఇది కొత్త విద్యేమీ కాదు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్నకు ఒకటి, ద్విత్వంలో ఆగే చోట ఒకటి. ‘కష్టపడు, నీవల్ల అవుతుంది’ అని భుజం తట్టే మాట ‘గంబత్తె’. గ-ం-బ-త్-తె, అయిదు మాత్రలు. ఏ మాత్రనూ మింగకూడదు, సాగదీయకూడదు.

మాత్ర తప్పితే అర్థం మారిపోతుంది. పని ఒడుపు ‘కొౘు’, రోడ్డు మీద ట్రాఫిక్ ‘కోౘూ’. చేతి పనిలో చురుకుదనం ‘కియో’, అంటే కి-యొ-ఒ, మూడు మాత్రలు. అదే ‘క్యో’ అంటే రెండు మాత్రలు, అర్థం ‘ఈరోజు’. ‘నువ్వు మంచి పనిమంతుడివి’ అనబోయి ‘నువ్వు ఈరోజువి’ అంటే వినేవాడు ఏం చేస్తాడు, మర్యాదగా తల ఊపుతాడు.

తెలుగువాళ్లం సరిగ్గా తప్పు చేసే చోట్లు రెండున్నాయి.

ఒకటి, మాట చివరి ఎ, ఒ. తెలుగులో మాట చివర హ్రస్వ ఒకారం దాదాపు రాదు, ఎకారం పల్లె, నూనె లాంటి మాటల్లో ఉన్నా కొత్త మాటల్లో దాన్ని కూడా దీర్ఘం చేసేస్తాం. అలా ‘నిగతె’ను నిగతే అని, ‘ఉదె’ను ఉదే అని సాగదీస్తాం. గట్టిగా పట్టుకుని ఆపాలి. రెండోది యవత్తు. సామర్థ్యానికి ‘నోర్యొకు’, అసలు సత్తాకు ‘జిౘుర్యొకు’ అన్న మాటలున్నాయి. మన ఛందస్సు ప్రకారం సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుంది, అందుకని ‘జిౘుర్’ అని ఒత్తి పలుకుతాం. జపనీస్‌లో ర్యొ అంతా కలిపి ఒకే మాత్ర, దాని ముందున్న ౘు మీద ఏ బరువూ పడదు. జి-ౘు-ర్యొ-కు, నాలుగే.

సున్న గురించి బెంగ అక్కర్లేదు. క-గల ముందు, ప-బ-మల ముందు మన సున్న ఎలా మారుతుందో వాళ్లదీ దాదాపు అలాగే మారుతుంది. నిహొంగొ (జపనీస్ భాష), కంపెకి (లోపం లేనిది) అని మామూలుగా చదివేస్తే సరిపోతుంది.

మూడో అంచె: మాయమయ్యే అచ్చులు

రాతలో ‘దెసు’, వినడానికి ‘దెస్’. రాతలో ‘సుకి’ (ఇష్టం), వినడానికి దాదాపు ‘స్కి’. క, చ, త, ప, స, శ, హ లాంటి శ్వాసంతో పలికే హల్లుల మధ్య ఇ, ఉ ఇరుక్కుంటే గొంతు పలకదు, గాలి మాత్రం వస్తుంది. మాట చివర కూడా అంతే. ‘తొకుతే గినో’లో కు కూడా ఇలాగే ‘తొక్‌తే’ అని వినిపిస్తుంది. అయితే మాత్ర మాత్రం పోదు, ఆ ఒక్క క్షణం ఆగాలి. ‘తకుమి’, ‘శొకునిన్’లలో కు తర్వాత మ, న ఉన్నాయి కాబట్టి అక్కడ ఉకారం నిండుగా పలుకుతుంది.

ప్రతి హల్లుకూ ఉకారం తగిలించడం మనకు అలవాటు (బస్సు, కారు, పెన్ను), కాబట్టి దీనికి కొంత సాధన కావాలి. కొత్తలో అచ్చు పూర్తిగా పలికినా ఎవరికీ అర్థంకాకపోదు, దీని కోసం టెన్షన్ పడొద్దు.

స్వరం ఎత్తుపల్లాలు కూడా ఉన్నాయి. మొదటి ఆరునెలలు అన్ని మాటలకూ నేర్చుకోవాలని కూర్చుంటే ఉత్సాహం చచ్చిపోతుందన్నది నా అభిప్రాయం. రోజూ వాడేవి మాత్రం సరిగ్గా పట్టండి. ‘జ్యోౙు దెసు’లో తక్కువగా మొదలై, పైకి వెళ్లి, ౙు దాకా పైనే ఉండి, దె దగ్గర పడిపోవాలి. ‘హెత దెసు’లో హె తక్కువ, త ఎక్కువ, దె మళ్లీ తక్కువ. ‘గిజ్యుౘు’, ‘నోర్యొకు’ మొదటి మాత్ర మీదే ఎక్కువ, ఆ వెంటనే దిగుతాయి. పుట్టుకతో వచ్చిన ప్రతిభ ‘సఇనో’ మొదట కాస్త తక్కువగా ఎత్తుకుని చివరిదాకా పడకుండా సాగుతుంది. టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ఓజాడ్ అనే ఆన్‌లైన్ నిఘంటువులో ఏ మాటకైనా ఈ గీత చూడొచ్చు, ఉచితమే.

నాలుగో అంచె: నాలుగు స్తంభాలు

అసలు పని ఇక్కడుంది. జ్యోౙు, హెత, తొకుఇ, నిగతె. ఈ నాలుగూ చోటు తప్పకుండా వాడగలిగితే సగం పని అయిపోయినట్టే. నాలుగింటికీ వాక్యం ఒకే తీరు: ఏ పని గురించో చెప్పి, దానికి ‘గ’ చేర్చి, మాట పెట్టి, ‘దెసు’తో ముగించాలి. ‘ఉత గ జ్యోౙు దెసు’ అంటే ఆమె బాగా పాడుతుంది అని. ‘ఉత ఒ’ (పాటను) అనకూడదు, ఇక్కడ గ మాత్రమే.

జ్యోౙు ఎదుటివారి నైపుణ్యాన్ని మెచ్చుకునే మాట. తన గురించి తాను ‘నేను జ్యోౙు’ అంటే గొప్పలు పోతున్నట్టే. పాట, వంట, బొమ్మలు, ఆటలు, భాష లాంటి చేసి చూపించే పనులకు ఇది సరిపోతుంది. లెక్కలు, చరిత్ర వంటి చదువు విషయాలకు అతకదు, ‘సూగకు గ తొకుఇ దెసు’ అంటేనే సహజం. తన గురించి జ్యోౙు వాడదగిన సందర్భం ఒకటుంది. ‘జ్యోౙు ని నరితఇ దెసు’, బాగా చేయగలిగేలా ఎదగాలనుంది అని. అది కోరిక కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

నా గురించి నేను చెప్పుకోవాలంటే ‘తొకుఇ’. ఇందులో కేవలం నైపుణ్యమే లేదు, ఆ పనంటే ఇష్టం, చేయగలనన్న ధీమా కలిసున్నాయి. ‘ర్యోరి గ తొకుఇ దెసు’ అంటే ‘వంట నాకు కొట్టినపిండి’ అన్నట్టు, కానీ డప్పు కొట్టుకున్నట్టు వినిపించదు.

‘హెత’ ఉన్నమాట అనేసే రకం. ‘ఎ గ హెత దెసు’, నాకు బొమ్మలు వేయడం రాదు అని నా గురించి చెప్పుకోవచ్చు. ఎదుటివారికి తగిలిస్తే మొహం మీద కొట్టినట్టే.

‘నిగతె’ నాకు చాలా నచ్చే మాట, ఎందుకంటే ఇది ఎన్నో ఇబ్బందుల్లోంచి గట్టెక్కిస్తుంది. ఒక పని రాదు, దానికితోడు అది నాకు సరిపడదు అన్న రెండూ ఇందులో ఉన్నాయి. అందుకే నైపుణ్యంతో సంబంధం లేని చోట కూడా వాడతారు. పులిసిన సోయా గింజల వంటకం నత్తో మీ ముందు పెట్టి ఎలా ఉందని అడిగితే, ‘నచ్చలేదు’ అని మొహమాటం లేకుండా అనేకంటే ‘నత్తో గ చ్యొత్తొ నిగతె దెసు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. జపనీస్ సహోద్యోగి మన పచ్చడి తినలేకపోతే ‘కరఇ మొనొ గ నిగతె దెసు’ అంటాడు, కారం నాకు పడదు అని. మనుషుల మీద కూడా ‘ఆ మనిషితో నాకు కాస్త నిగతె’ అంటారు. తిట్టకుండానే సంగతి అర్థమైపోతుంది.

అయిదో అంచె: మెచ్చుకున్నప్పుడు, మెచ్చుకోవాల్సినప్పుడు

‘కొన్‌నిచివ’ అన్నా చాలు, ‘నిహొంగొ జ్యోౙు దెసు నె’ అన్న మెప్పు వచ్చేస్తుంది. పొంగిపోవద్దు, వెక్కిరిస్తున్నారేమోనని నొచ్చుకోవద్దు. ‘ఏం బాబూ, భోంచేశావా’ అన్నంత మామూలుగా మాట కలపడం అది. జవాబు ‘ఇఎ ఇఎ, మద మద దెసు’, అంటే అబ్బే, ఇంకా చాలా నేర్చుకోవాలి. ‘సొన్న కొతొ నఇ దెసు’ అన్నా సరే. ఊరికే ‘అరిగతో’ అని స్వీకరించడం తప్పేమీ కాదు, కాకపోతే ఆ వెంటనే ఒక మద మద చేరిస్తే సంభాషణ తేలిగ్గా ముందుకు సాగుతుంది.

పైవాళ్లను మెచ్చుకునేటప్పుడే అసలు చిక్కు. మేనేజరు ప్రెజెంటేషన్ ఇచ్చాక ‘సెౘుమే గ జ్యోౙు దెసు నె’ అంటే, మీరు ఆయనకు మార్కులు వేసినట్టవుతుంది. ఇంట్లో పెద్దాయన పాఠం చెప్పాక మనవడు ‘బాగానే చెప్పావు తాతయ్యా’ అని తల ఆడించినట్టు. అక్కడ ‘తఇహెన్ బెంక్యో ని నరిమశిత’ అనండి, మీ దగ్గర చాలా నేర్చుకున్నాను అని. మెప్పు ఉంది, తీర్పు లేదు. జ్యోౙుకు ముందు ‘ఒ’ చేర్చి ‘ఒ-జ్యోౙు’ అంటే మర్యాద పెరుగుతుంది కానీ తీర్పు పోదు. అందులోనూ ‘ఒ-జ్యోౙు ఒ ఇఉ’ అన్న పలుకుబడికి ముఖస్తుతి చేయడం అనే అర్థం.

ఆరో అంచె: చెయ్యి తిరిగినవాళ్ల మాటలు

‘ఉదె’ అంటే భుజం నుంచి మణికట్టు దాకా ఉన్న చెయ్యి. వృత్తిలో చెయ్యి తిరిగిన వడ్రంగి, వంటవాడు, సర్జన్ గురించి ‘ఉదె గ ఈ’ అంటారు. ‘ఉదె నొ ఈ ఇశ’ అంటే మనవాళ్లు హస్తవాసి మంచిదనే డాక్టరుకు దగ్గరగా వస్తుంది, కాకపోతే ఇక్కడ అదృష్టం ప్రసక్తి లేదు, పనితనమే. సానపెట్టడం ‘ఉదె ఒ మిగకు’, మెరుగుపడటం ‘ఉదె గ అగరు’, వాడక మొద్దుబారడం ‘ఉదె గ నిబురు’. ఈ మూడూ కలిపి నేర్చుకుంటే గుర్తుంటాయి.

‘ఉమఇ’ స్నేహితుల మధ్య వాడే మాట. బాగా ఆడాడు, బాగా పాడాడు అన్నదానికీ ఇదే, రుచిగా ఉంది అన్నదానికీ ఇదే. ఆఫీసు భోజనంలో మాత్రం ‘ఒఇశీ’ అనడం మంచిది. ‘ఉమకు ఇకిమశిత’ అంటే పని సవ్యంగా జరిగింది అని, దీన్ని ఎక్కడైనా వాడొచ్చు.

‘కొౘు’ మీకు పనిచోట రోజూ వినిపిస్తుంది. మిషన్ నడపడంలోనో, రోగిని మంచం మీద పక్కకు తిప్పడంలోనో ఉండే ఒడుపు అది. ‘కొౘు ఒ ఒశిఎతె కుదసఇ’ (ఒడుపు నేర్పండి) అని అడిగితే సీనియర్లు సంతోషంగా చెబుతారు. పట్టు దొరకడం ‘కొౘు ఒ ౘుకము’.

కియోకు వ్యతిరేకం ‘బుకియో’, చేతులు కుదురుగా పనిచేయని మనిషి. తనకు తాను చెప్పుకోవచ్చు, పైగా వినయంగా ఉంటుంది. ‘కియో బింబో’ అనే చమత్కారమైన మాట కూడా ఉంది. అన్ని పనుల్లోనూ వేలు పెట్టగలిగి, ఒక్కదానిలోనూ పైకి రానివాడు.

ఏడో అంచె: కాగితాల మీది మాటలు

మళ్లీ వీసాల దగ్గరికి వద్దాం. ‘గిజ్యుౘు’ అంటే పుస్తకంలో రాసి ఒకరి నుంచి ఒకరికి అందించగల సాంకేతిక విద్య, పద్ధతి. ‘గినో’ అంటే మనిషి చేతిలో, అనుభవంలో నిలిచిన నేర్పు. ఇంజనీర్ల వీసా పేరు చాంతాడంత ఉంటుంది కాబట్టి అందరూ ‘గిజింకొకు’ అని కుదించేస్తారు. విదేశీ వంటకాలు వండేవారికిచ్చే ‘గినో’ వీసాకు సాధారణంగా పదేళ్ల వంట అనుభవం చూపించాలి. ‘తొకుతే గినో’ 2019 ఏప్రిల్‌లో మొదలైంది, భారత్-జపాన్ ఒప్పందం 2021 జనవరిలో కుదిరింది. దాని మొదటి స్థాయిలో సాధారణంగా మొత్తం అయిదేళ్ల దాకా ఉండొచ్చు. ఆ స్థాయికి సాధారణంగా జేఎల్‌పీటీ ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ గానీ, దాంతోపాటు ఆ రంగపు నైపుణ్య పరీక్ష కూడా పాస్ కావాలి. ‘గానీ’ ఎక్కడెక్కడుందో జాగ్రత్తగా చూడండి: భాషా పరీక్ష రెండింటిలో ఏదైనా ఒకటి చాలు, నైపుణ్య పరీక్ష మాత్రం తప్పనిసరి. సంరక్షణ రంగంలోకి వెళ్లేవారికి ఆ పని భాష మీద ఇంకో పరీక్ష అదనం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ లాంటివాటి ద్వారా నర్సింగ్ చదివినవారు వెళ్లే దారిలో ఈ మాటలన్నీ ఎదురవుతాయి. పరీక్ష పేరులో గినో ఉంటుంది, క్లాసులో నేర్పేది మాత్రం ‘కఇగొ గిజ్యుౘు’ (సంరక్షణ పద్ధతులు). ఒకే కాగితంలో రెండూ కనబడినా కంగారుపడక్కర్లేదు.

బయోడేటా పేరు ‘రిరెకిశొ’. అందులో ‘తొకుగి’ అనే గడి ఉంటుంది. ఇక్కడ పొరపాటున అభిరుచులు రాస్తుంటారు. అభిరుచికి ‘శుమి’ అన్న వేరే మాట ఉంది. సినిమాలు చూడటం శుమి, కూచిపూడి ఆడగలగడం తొకుగి. సర్టిఫికెట్లు, లైసెన్సులు ‘శికకు’ గడిలోకి వెళ్తాయి. ఇంటర్వ్యూలో ‘ౘుయొమి’ అంటే మీ బలం, ‘యొవమి’ అంటే బలహీనత. ‘సఇనో’ మాత్రం సొంతానికి వాడకండి. ‘నాకు ప్రతిభ ఉంది’ అని ఎక్కడా ఎవరూ చెప్పుకోరు కదా.

ఎనిమిదో అంచె: మనుషుల పేర్లు, మోసం చేసే రాత

కొత్తగా నేర్చుకునేవాడు ‘శొశిన్‌శ’. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది కారుకు పసుపు, ఆకుపచ్చ రంగుల గుర్తు అంటించుకోవాలి, దాన్ని శొశిన్‌శ మార్క్ అంటారు. ఆ పనితో సంబంధం లేనివాడు ‘శిరోతొ’, ఆ పనిలో పండినవాడు ‘కురోతొ’. ఈ రెండింటినీ కంజిలో (చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో) చూసి ఊహించి చదవలేరు, మాటగా గుర్తుపెట్టుకోవాల్సిందే. చేతివృత్తిలో జీవితం గడిపినవాడు ‘శొకునిన్’. ‘తకుమి’ అంతకంటే గౌరవం, ఇప్పుడు ప్రకటనల్లో కూడా దొర్లుతోంది. ‘మేజిన్’ ఆరితేరినవాడు, షోగి (జపనీస్ చదరంగం) ఆటలో అది అధికారిక బిరుదు కూడా. 2023లో ఫుజీ సోత 20 ఏళ్ల వయసులో ఆ బిరుదు గెలిచి, అత్యంత పిన్న వయస్కుడైన మేజిన్ అయ్యాడు.

జ్యోౙును ‘పైన’, ‘చెయ్యి’ అనే రెండు కంజిలతో రాస్తారు. అవే రెండూ సుమో వార్తల్లో కనబడితే ‘ఉవతె’, ప్రత్యర్థి చెయ్యి పైనుంచి పట్టే పట్టు. కబుకి నాటకంలో ‘కమితె’, ప్రేక్షకుల కుడిచేతి వైపున్న వేదిక భాగం. హెతకూ ఇదే గతి: సుమోలో ‘శితతె’, రంగస్థలం మీద ‘శిమొతె’. చుట్టూ ఉన్న విషయం చూసి చదవడం తప్ప దగ్గరి దారి లేదు.

తొమ్మిదో అంచె: నోటికి సాధన

విడి మాటల జాబితాలు వల్లించడం కంటే సామెతలు చదవడం మేలు, అందులో మాట, మాత్ర, స్వరం మూడూ వచ్చేస్తాయి. ఇవి మూడు చాలు:

‘సుకి కొసొ మొనొ నొ జ్యోౙు నరె’: ఇష్టమే మనిషిని నేర్పరిని చేస్తుంది.

‘హెత నొ యొకొౙుకి’: రాకపోయినా ఆ పనంటే పడిచచ్చేవాడు. తన పాట గురించి నవ్వుతూ చెప్పుకోవడానికి బాగుంటుంది.

‘కోబో మొ ఫుదె నొ అయమరి’: కోబో అంతటివాడి కుంచె కూడా తప్పు రాస్తుంది. కోబో అంటే 774-835 మధ్య జీవించిన బౌద్ధ గురువు కూకఇ, చేతిరాతకు ప్రసిద్ధుడు. నేర్పరి తడబడినప్పుడే ఇది వాడాలి. కొత్తగా చేరిన మీరు తప్పు చేసి ఈ సామెత చెబితే మిమ్మల్ని మీరు కోబోతో పోల్చుకున్నట్టు.

తర్వాత ఇంటర్వ్యూకు పనికొచ్చే ఈ రెండు వాక్యాలను ఫోన్‌లో రికార్డు చేసుకోండి: ‘నిహొంగొ వ మద హెత దెసు గ, జ్యోౙు ని నరితఇ దెసు. ర్యోరి గ తొకుఇ దెసు.’ మాత్రకొక్క చప్పట చొప్పున నెమ్మదిగా చెప్పండి. రెండో వాక్యానికి తొమ్మిది చప్పట్లు రావాలి: ర్యొ-ఒ-రి-గ-తొ-కు-ఇ-దె-సు. ఎనిమిదే వచ్చాయంటే మీరు ర్యోను కుదించేశారు, పది వచ్చాయంటే గ దగ్గర సాగదీశారు. ఆ చోటు పట్టుకుని, ఆ ఒక్క మాటను సరిచేసుకున్నాక వేగం పెంచండి.